పెట్టెలో వేసిన సాక్ష్యం

రాష్ట్రం మనుషులు మా స్టిల్‌హౌస్ లోయలోకి ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి నాశనం చేసే వెళ్ళారు. మా తాత సారా కాచే రోజుల్లో గొడ్డళ్ళతో వచ్చి ఆయన రాగి బట్టీని తుక్కుతుక్కు చేశారు. మా నాన్న పొగాకు కొట్టానికి ఏదో నోటీసు అంటించి పోయారు, ఆ ఏడు పంట కొట్టంలోనే కుళ్ళింది. అందుకే ఆ గురువారం పొద్దున తెల్లటి ప్రభుత్వ కారు వాగు దాటి మా ఇంటి దారిన పైకి రావడం చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మంటతో పాటు భయం కూడా వేసింది. ఎందుకంటే ఈసారి వాళ్ళు తీసుకుపోగలిగేది నా గోడ మీద వేలాడుతోంది. నా లైసెన్సు. కెంటకీ కొండల్లో మా వంశం నాలుగు తరాలుగా ఏదో ఒకటి కాస్తూనే ఉంది కాని, రాష్ట్రం అనుమతితో కాచిన మొదటి మనిషిని నేనే. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి, పోయిన మా ఆయన క్లెల్ ఫోటో పక్కన తగిలించుకున్నాను.

నేను చేసేది హెంప్ పానకం. తీపి జొన్న రసం మరగబెట్టి పానకం చేయడం మా అమ్మ నేర్పింది. అందులో హెంప్ పువ్వు నూనె కొలత ప్రకారం కలిపి చిన్న సీసాల్లో పోస్తాను. హెంప్ కూడా గంజాయి జాతే, మత్తు మాత్రం ఎక్కదు. సరుకులో ఆ మత్తు పదార్థం వెయ్యికి మూడు పాళ్ళు దాటితే పానకం కాస్తా నేరమైపోతుంది. గనులు మూతపడ్డాయి, పొగాకు కొనేవాళ్ళు పోయారు, బొగ్గు దుమ్ము క్లెల్‌ని తీసుకుపోయింది. నాకు మిగిలింది ఈ వంటగది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో లైసెన్సు పోతే మళ్ళీ మొదలుపెట్టడానికి నా దగ్గర ఇంకో వంటగదీ లేదు, ఇంకో ఓపికా లేదు.

కారు దిగింది ఓ పడుచుపిల్ల. ముప్ఫై ఉంటాయేమో. చేతిలో కాగితాలు బిగించిన రాత అట్ట, నడుముకి బ్యాడ్జి.

"నా పేరు కెండ్రా రెన్‌ఫ్రో అండీ. రాష్ట్రం నుంచి తనిఖీకి వచ్చాను," అంది.

"తెలుస్తూనే ఉందమ్మా. ఈ లోయలోకి అంత శుభ్రమైన కారు పెళ్ళికో చావుకో తప్ప రాదు. మా ఇంట్లో ప్రస్తుతానికి ఆ రెండూ లేవు."

ఆ పిల్ల నవ్వలేదు. పోనీలే అని కాఫీ పోయబోయాను, పెనంలో వేడి వేడి మొక్కజొన్న రొట్టె కూడా ఉంది. వద్దంది. డ్యూటీలో ఉండగా ఏమీ తీసుకోకూడదట.

"మంచినీళ్ళు కూడానా?"

"నా సీసా తెచ్చుకున్నానండీ."

మా వైపు ఇంటికొచ్చి ఏమీ ముట్టకుండా పోవడం కంటే పెద్ద తిట్టు లేదు. అయినా నోరు కట్టేసుకుని, ఆమె కోసం పోసిన కాఫీ కప్పు బల్ల మీద అలాగే వదిలేశాను.

పని మాత్రం తెలిసిన పిల్ల. జుట్టుకి వల తొడుక్కుని, చేతులు కడుక్కుని వంటగదిలోకి వచ్చింది. ప్రతి సీసా మీదా ఉన్న క్యూఆర్ కోడ్‌ని ఫోనుతో చూసి, ల్యాబు రిపోర్టు తెరిచి, బ్యాచ్ నంబరు సరిపోయిందా లేదా అని సరిచూసింది. పిల్లలకు ఇవ్వకూడదన్న హెచ్చరిక అక్షరాలను స్కేలు పెట్టి కొలిచింది. రిపోర్టులో మత్తు పదార్థం వెయ్యికి రెండు పాళ్ళు కూడా లేదు. నూనె తూచే త్రాసుని పరీక్షించింది. నేను వెనకాలే నిలబడి చెమటలు కక్కుతున్నాను కాని, ఒక్క తప్పు దొరకలేదు.

"మోకాళ్ళ నొప్పులకి ఇది పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు?" అని అడిగింది హఠాత్తుగా.

"అది చెప్పడానికి నాకు లైసెన్సు లేదు, వెళ్ళి డాక్టర్ని అడుగు అంటాను."

"సరిగ్గా చెప్పారు," అంది. అప్పుడు మొదటిసారి ఆమె మొహం కాస్త మెత్తబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తాతా, చూశావా, నీ మనవరాల్ని ఏమీ చేయలేకపోయారు అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె కిటికీ పక్కన ఉన్న పెట్టెల దగ్గరికి వెళ్ళింది. పోస్టాఫీసుకి పట్టుకెళ్ళాల్సిన పార్సిళ్ళు ఆరు, ఇంకా టేపు వేయలేదు. మొదటిదాని మూత తెరిచి, పైన మడిచిపెట్టిన కాగితం తీసింది. విప్పి చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

అది మా చర్చి కాగితం. ఆదివారం ఆరాధనలో పాడే పాటల వరసా, ఆ వారం సంగతులూ వేసి పాస్టర్ డెంటన్ గారు పంచిపెడతారు. మా వైపు ఎవరు ఎవరికి పార్సిలు పంపినా, పండ్ల జామ్ అయినా దుప్పటైనా, ఆ వారపు చర్చి కాగితం ఒకటి మడిచి లోపల పెడతారు. సీసా కదలకుండా ఉంటుంది, నాలుగు మంచి మాటలూ వెళ్తాయి. మా అమ్మ పెట్టేది, నేనూ పెడతాను. అందులో ఆలోచించడానికి ఏముంది?

అయితే ఈ వారం కాగితంలో హోబర్ట్ నేపియర్ సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు గురించి చర్చిలో లేచి చెప్పిన మాట, వేశారు. హోబర్ట్ గనిలో క్లెల్‌తో పాటు ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి, నాకు సొంత అన్న లాంటివాడు. మూడు ఆదివారాల క్రితం చర్చిలో లేచి, ఎన్నో ఏళ్ళుగా వణికే రెండు చేతుల్నీ పైకెత్తి చూపించాడు. అవి కదల్లేదు. సంఘమంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఆ పిల్ల పైకి చదివింది: "'సిస్టర్ ఒర్లీనా కాచిన పానకం రోజుకొక చెంచా తాగాను. దేవుడు నా చేతుల వణుకు తీసేశాడు. డాక్టరు ఇచ్చిన మాత్రలు వాగులో పారేశాను.'"

ఆ ఒర్లీనాని నేనే. "నేను రాసింది కాదు," అన్నాను. "నేను చెప్పిందీ కాదు. ఆయన చర్చిలో దేవుడికి చెప్పుకున్న మాట. చర్చిలో మాటకి కూడా రాష్ట్రం లైసెన్సు కావాలా?"

"చర్చిలో ఉన్నంతసేపు అక్కర్లేదండీ. సరుకు పెట్టెలోకి వచ్చాక అది లేబులు. పెట్టెలో సరుకుతో పాటు ఏ కాగితం వెళ్ళినా లేబులు కిందే లెక్క. ఇది జబ్బు నయం చేస్తుందని చెప్తోంది. మాత్రలు మానేయమని కూడా చెప్తోంది."

"మానేయమని ఎక్కడుంది? ఆయన మానేశానన్నాడు."

"చదివేవాళ్ళకి రెండూ ఒకటే."

నిజం ఒప్పుకోవాలి. మామూలుగా ఆ కాగితాన్ని ఎలా పడితే అలా మడిచి పడేస్తాను. ఈ వారం మాత్రం సాక్ష్యం ఉన్న పేజీ పైకి కనబడేలా మడిచాను. అది ఊరికే జరిగింది కాదు.

ఆమె మిగిలిన అయిదు పెట్టెలూ తెరిచి చూసింది. అన్నిట్లోనూ ఉంది.

"ఇవి బయటికి వెళ్ళాయా?" అని అడిగింది.

"వెళ్తే ఏమవుతుంది?"

"వెళ్ళకపోతే చిన్న విషయం. నా ఎదురుగా కాగితాలు తీసేస్తారు, నేను హెచ్చరిక రాసి వెళ్తాను, నెల తర్వాత మళ్ళీ వచ్చి చూస్తాను. వెళ్ళి ఉంటే మాత్రం ఇవాళే కబురు పెట్టాలి. ఏ కౌంటీకి వెళ్ళిందో అక్కడి ఆరోగ్య కేంద్రం వాళ్ళు సాయంత్రంలోగా ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టి సరుకు వెనక్కి తీసుకుంటారు. విచారణ అయ్యేదాకా మీ లైసెన్సు నాతో తీసుకెళ్ళాల్సి ఉంటుంది. అది ఆరు నెలలు పట్టొచ్చు, అసలు తిరిగి రాకపోనూ వచ్చు."

సోమవారం నుంచి బుధవారం దాకా తొమ్మిది పెట్టెలు వెళ్ళాయి. ఆ తొమ్మిదీ పేరుపేరునా నాకు గుర్తే.

"లేదు," అన్నాను. "ఇవే మొదటివి."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. మా తాత గొంతులోంచి వచ్చినట్టు వచ్చింది. ఆమె ఓ క్షణం నా మొహంలోకి చూసి, తల ఊపి, అట్ట మీద రాయడం మొదలుపెట్టింది. రాసి నా ముందుకు జరిపింది. 'ఈ కాగితం ఉన్న పెట్టె ఏదీ కొనేవారికి పంపలేదని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను' అని ఉంది, కింద సంతకానికి చోటు. పెన్ను తీసుకున్నాను. అప్పుడే బయట హోబర్ట్ పాత ట్రక్కు దగ్గుతూ వచ్చి ఆగింది.

"గుడ్లు తెచ్చాడు. ఒక్క నిమిషం అమ్మా," అని పెన్ను అక్కడే పెట్టి వసారాలోకి వచ్చాను. ముందు అతణ్ణి పంపేయాలి. నోరు తెరిచి సాక్ష్యం మొదలుపెట్టాడంటే కొంప మునుగుతుంది.

హోబర్ట్ మెట్లెక్కి వచ్చాడు. గుడ్ల బుట్ట మోచేతికి తగిలించుకుని, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఎవరా తెల్ల కారు? మళ్ళీ ఎవరి బట్టీ పగలగొట్టడానికి?" అని నవ్వాడు.

"నెమ్మదిగా మాట్లాడు అన్నా. గుడ్లు అక్కడ పెట్టి వెళ్ళు, సాయంత్రం ఫోను చేస్తాను."

"వెళ్తాలే. ఒక్క ముక్క చెప్పి పోతాను. నువ్వు పంపిన పెట్టె మా వెర్లీకి మంగళవారం చేరింది చెల్లెమ్మా. ఆ కాగితం చదువుకుని ఒకటే సంబరం. అన్నయ్యకి తగ్గినప్పుడు నాకెందుకు తగ్గదు అని, ఫిట్స్ మాత్రలు ఆ రోజే డ్రాయరులో పడేసి ఆపేసిందట. నిన్న ఫోన్లో చెప్పింది."

వెర్లీ హోబర్ట్ చెల్లెలు, రెండు కొండల అవతల ఒంటరిగా ఉంటుంది. ఏడేళ్ళ క్రితం మాత్రలు అయిపోయి నాలుగు రోజులు ఊరుకుంటే, పొయ్యి ముందు పడి ఒక చెవి కాల్చుకున్న మనిషి.

"ఆపేస్తే ఊరుకున్నావా? ఫోను చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

"ఇప్పుడెందుకు, తర్వాత…"

"చెయ్యమన్నానా?"

అతను కదల్లేదు. నేను అతని మోచేతి మీద బుట్ట తీసుకుని కింద పెట్టాను. అప్పటికిగాని జేబులోంచి చేతులు బయటికి తీయలేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతి వేలు మీటల మీద. ఆ వేలు ఒక మీట మీద నిలవడం లేదు. మూడు మీద పెట్టబోతే ఆరు మీద పడుతోంది, ఆరు మీద పెట్టబోతే పక్కకి జారుతోంది. చేతులు ఇంతకు ముందుకంటే అన్యాయంగా వణుకుతున్నాయి.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"పది రోజులైంది." తల దించుకున్నాడు. "ఆ ఆదివారం అబద్ధం చెప్పలేదమ్మా. అప్పుడు నిజంగానే తగ్గింది, నువ్వూ చూశావు. తర్వాత మళ్ళీ వచ్చింది."

"మరి చెప్పొద్దా? ఈ ఆదివారం కాగితంలో వేశారు కదా, చదవలేదా?"

"చదివాను. లేచి చెబుదామనే అనుకున్నాను. పాస్టరు గారు ఎప్పుడూ అడిగినట్టే అడిగారు, ఈ వారం దేవుడు ఎవరికి ఏం మేలు చేశాడో లేచి చెప్పండి అని. మేలు జరిగింది అని లేచేవాళ్ళే కాని, మళ్ళీ వచ్చింది అని లేచినవాణ్ణి నా డెబ్బై ఏళ్ళలో చూడలేదు. నీ వ్యాపారం కూడా బాగుపడుతోంది కదా అనుకుని ఊరుకున్నాను."

కోపం రాలేదని చెప్పను. చాలా వచ్చింది. అయితే అతని మీద ఎంత వచ్చిందో, ఆ పేజీ పైకి మడిచిన నా చేతుల మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఫోను లాక్కుని వెర్లీ నంబరు కొట్టాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కొట్టాను. ఎత్తలేదు.

ఆ వసారాలో నిలబడి నేనేం ఆలోచించానో దాచను. సంతకం పెట్టేద్దాం అనుకున్నాను. పెట్టేస్తే పావుగంటలో కారు కొండ దిగిపోతుంది. హోబర్ట్‌ని ట్రక్కులో వెర్లీ ఇంటికి తోలొచ్చు, గంటన్నర దారి. మిగిలిన ఎనిమిది మందికీ ఫోన్లు చేసి, పొరపాటున వచ్చిన కాగితం, చింపేయండి అని చెప్పొచ్చు. ఎవరికీ తెలియదు. లైసెన్సు గోడ మీదే ఉంటుంది.

కాని ఆ ఎనిమిది మందిలో నలుగురివి నా దగ్గర ఫోను నంబర్లు లేవు, ఉత్త చిరునామాలే ఉన్నాయి. ఉత్తరం రాస్తే చేరడానికి నాలుగు రోజులు. వాళ్ళ ఇళ్ళల్లో ఏ మాత్రలున్నాయో, ఎవరు ఏది డ్రాయరులో పడేశారో నాకేం తెలుసు? ఇవాళ సాయంత్రంలోగా వాళ్ళ తలుపులు కొట్టించగలిగిన మనిషి ఒక్కతే ఉంది. నా వంటగదిలో, నా సంతకం కోసం కూర్చుని ఉంది.

లోపలికి వెళ్ళాను. హోబర్ట్ నా వెనకాలే వచ్చాడు. పెన్ను వదిలినచోటే ఉంది. నేను బల్ల దాటి గోడ దగ్గరికి వెళ్ళి, ఫ్రేముని మేకు నుంచి తీసి, ఆ పిల్ల ముందు పెట్టాను.

"తొమ్మిది వెళ్ళాయమ్మా. ఇందాక అబద్ధం చెప్పాను. ఇవిగో చిరునామాలు." పార్సిళ్ళ పుస్తకం తెరిచి ఇచ్చాను. "ముందు ఈ వెర్లీ సంగతి చూడు. ఫిట్స్ మనిషి. మంగళవారం నుంచి మాత్రల్లేవు. ఫోను ఎత్తడం లేదు."

ఆమె నన్ను తిట్టలేదు, ఎందుకు చెప్పలేదని కూడా అడగలేదు. పుస్తకం దగ్గరికి లాక్కుని, మొదటి ఫోను వెర్లీ ఉండే కౌంటీ ఆరోగ్య కేంద్రానికి చేసింది. ఇల్లు ఎక్కడో గుర్తులు చెప్పమని హోబర్ట్‌ని అడిగింది. అతను చెప్పాడు: కాలిపోయిన పెట్రోలు బంకు దాటాక ఎడమకి, నీలం రేకుల ఇల్లు. తర్వాత ఒక్కొక్క కౌంటీకీ వరసగా చేసుకుంటూ పోయింది. ఫోను నంబర్లున్న వాళ్ళకి నేను చేశాను. ఒకావిడ, ఆ కాగితం చదవనే లేదు, పొయ్యి రాజేయడానికి వాడానంది. మోర్‌హెడ్ వైపు ముసలాయన, మా ఆవిడ షుగరు మాత్రలు తగ్గిద్దామనుకుంటోంది అన్నాడు. తగ్గించనివ్వనని ఆయనచేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

"అంటే మీ పానకం పనిచేయదా?" అన్నాడాయన.

"పానకం తియ్యగా ఉంటుందండీ. అంతకు మించి నేనేమీ చెప్పలేను," అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో ఆ దేవుడికే తెలుసు.

అన్నీ అయ్యాయి. వెర్లీ కబురు మాత్రం తెలియలేదు. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. హోబర్ట్ చేతులు దాచుకోవడం మానేసి బల్ల మీదే పెట్టాడు. అవి అదురుతుంటే బల్ల మీద సీసాలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. ఎవరూ ఆ సీసాలు పక్కకి జరపలేదు. ఆ పిల్ల ఎప్పుడో చల్లారిపోయిన ఆ కాఫీ కప్పు తీసుకుని తాగింది. తాగుతున్నట్టు ఆమెకి తెలుసో లేదో.

"మాదీ ఇటువైపేనండీ," అంది నెమ్మదిగా. "మా అమ్మ కూడా పార్సిళ్ళలో చర్చి కాగితం పెడుతుంది. నాకు పంపే కేకులో కూడా."

కిటికీలోంచి వాగు వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్క గంటలో నేను నలభై ఆదివారాల ప్రార్థన చేసి ఉంటాను.

హోబర్ట్ ఫోను మోగింది. అతని చేతుల్లో నిలవడం లేదని నేనే తీసుకుని స్పీకరు పెట్టాను.

"అన్నయ్యా," అంది వెర్లీ. ఆ గొంతు వినగానే హోబర్ట్ నోటి నుంచి మూలుగు లాంటిదొకటి వచ్చింది. "ఇందాక పెరట్లో ఉన్నా, ఫోను వినబళ్ళేదు. ఇక్కడ ఎవరో నర్సమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. నేను మాత్ర వేసుకునేదాకా కదలదంట. గవర్నమెంటు మనిషి మాట నేను వింటానా? పొద్దున్నుంచి కాస్త కళ్ళు తిరుగుతున్నాయి, అంతే. పానకం రెండు చెంచాలు తాగా, అదే సర్దుకుంటుంది."

"వెర్లీ, నేను ఒర్లీనాని. నర్సమ్మ చెప్పినట్టు విను. ఆ కాగితం పెట్టడం నాదే తప్పు."

"నువ్వలా అనకు ఒర్లీనా, వాళ్ళు పక్కన ఉండి నీచేత అనిపిస్తున్నారు. నాకు తెలీదా ఏంటి? చర్చి కాగితంలో అబద్ధం వేస్తారా? అన్నయ్య ఉన్నాడా అక్కడ? అన్నయ్యా, నీ చేతులు తగ్గాయి కదా? నువ్వు చెప్పు, నువ్వు చెప్తే వింటాను."

హోబర్ట్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. చర్చిలో సాక్ష్యానికి లేచినట్టే తల మీద టోపీ తీసి, నిటారుగా నిలబడ్డాడు. టోపీ అతని చేతుల్లో ఆగకుండా ఊగుతోంది. నా వైపు చూడలేదు, ఆ పిల్ల వైపు చూడలేదు, గోడ మీద క్లెల్ ఫోటో పక్కన మిగిలిన ఉత్త మేకు వైపు చూశాడు.

"తగ్గలేదమ్మా," అన్నాడు. "మూడు వారాల కింద తగ్గిందన్నాను. మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. నేను కూడా ఇవాళ డాక్టరు దగ్గరికి పోతాను. నువ్వు మాత్ర వేసుకో."

అవతల డ్రాయరు లాగిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత గ్లాసులో నీళ్ళు పోస్తున్న చప్పుడు.